కందకు లేని దురద మౌస్‌కెందుకు?

బొల్లారం వెళ్తున్నానంటే హైదరాబాద్‌లో ఎవరైనా ముందు అడిగేది "ఏ బొల్లారం?" అనే. సికింద్రాబాద్ వైపు, రాష్ట్రపతి నిలయం ఉన్న బొల్లారం ఒకటుంది. నేను చెప్పబోయేది అది కాదు. మియాపూర్ నుంచి లోపలికి వెళ్తే వచ్చే పారిశ్రామికవాడ, ఐడీఏ బొల్లారం. 2016 దాకా మెదక్ జిల్లాలో ఉండి, ఆ ఏడాది దసరా నాడు సంగారెడ్డి జిల్లాలోకి వచ్చిన ఊరు. మొదటి బొల్లారాన్ని చెట్ల నీడను బట్టి గుర్తుపడతారు, రెండోదాన్ని గాలిని బట్టి. రాత్రి పది దాటాక బస్సులో కునికిపాట్లు పడుతున్నవాడు కూడా తన స్టేజీ వచ్చిన సంగతి ముక్కుతోనే తెలుసుకుంటాడు.

ఇక్కడ తయారయ్యేది మందు. మెడికల్ షాపులో దొరికే మాత్ర కాదు, మాత్ర కాకముందు డ్రమ్ముల్లో ఉండే పొడి. బల్క్ డ్రగ్ కంపెనీ అనగానే మనకు రియాక్టర్లు, పైపులు, ముక్కుకు గుడ్డ కట్టుకున్న హెల్పర్లు కళ్లముందు మెదులుతారు. ఇవాళ ఆ గోడల లోపల చాలా పని కంప్యూటర్ ముందే నడుస్తోంది. నాణ్యత చూసే క్యూసీ ల్యాబ్‌లో హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్షా యంత్రం గీసిన గ్రాఫులు చూసేది మానిటర్ మీద. రియాక్టర్ వేడి పెంచేదీ తగ్గించేదీ కంట్రోల్ రూమ్‌లో మౌస్ క్లిక్కుతో. స్టోర్స్‌లో బార్‌కోడ్ యంత్రం, గేటు దగ్గర వేలిముద్ర యంత్రం. మాదాపూర్ కుర్రవాడు పట్టుకునే మౌస్, బొల్లారం కుర్రవాడు పట్టుకునే మౌస్ ఒకే కంపెనీవి కావచ్చు. కాకపోతే ఇక్కడి చెయ్యి అంతకుముందు ఇంకేదో పట్టుకుని వచ్చి మౌస్ మీద వాలుతుంది. షిఫ్టు మారగానే అదే మౌస్ మీద మరో చెయ్యి.

ఒక ఎనలిస్టును ఊహించుకుందాం. ఇరవై ఆరేళ్లు, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, అమీన్‌పూర్‌లో అద్దె గది. కుడి అరచేతి అంచున, చిటికెన వేలి కింద, మౌస్‌ప్యాడ్‌కు ఆనే చోట ముందు ఎర్రబడింది. తర్వాత దురద. ఆ తర్వాత ఆవగింజల్లాంటి నీటి పొక్కులు. పక్క సీటులో ఉన్నతను ఒక్క చూపులో తేల్చేశాడు: "నీకు మౌస్ పడ్తలేదన్నా!"

ఆ తీర్పు నిజం కావచ్చు. కాకపోవచ్చు కూడా. దాన్ని తేల్చుకోవడమెలాగన్నదే ఈ వ్యాసం.

ముందు ఆ "పడదు" అన్న మాట సంగతి. అలర్జీ అన్న పదాన్ని వియన్నాకు చెందిన పిల్లల వైద్యుడు క్లెమెన్స్ ఫాన్ పిర్కే గ్రీకు మూలాలతో 1906లో పుట్టించాడు. అంతకు ఎన్నో తరాల ముందు నుంచే మన ఇళ్లలో వంకాయ పడనివాళ్లు, రొయ్యలు పడనివాళ్లు ఉన్నారు. వస్తువులో తప్పుందని గానీ, ఒంట్లో తప్పుందని గానీ అనకుండా, రెంటికీ పొత్తు కుదరలేదని చెప్పే మాట ఈ "పడదు". నా మటుకు నాకు ఆ గ్రీకు పదం కంటే ఇదే నచ్చుతుంది. ఒక్క చిక్కు మాత్రం ఉంది. రెండు వేర్వేరు వ్యవహారాలను ఇది ఒకే గాటన కట్టేస్తుంది. ఆ రెంటినీ విడదీయాలంటే వంటింట్లోంచి కందగడ్డ తెచ్చుకోవాలి.

కంద కోస్తే ఎవరి చేతులైనా దురద పెడతాయి. దానిలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. అవి అత్త చేతికీ, కోడలి చేతికీ ఒకేలా గుచ్చుకుంటాయి. ఎక్కువ కోస్తే ఎక్కువ దురద, చేతులకు నూనె రాసుకుంటే తక్కువ. చర్మవైద్యులు దీన్ని ఇరిటెంట్ డెర్మటైటిస్ అంటారు. సబ్బు, డిటర్జెంట్, సాల్వెంట్, చెమట, రాపిడి అన్నీ ఈ కోవలోవే. అలర్జీ తీరు వేరు. పదిమంది ఒకే వస్తువును పట్టుకుంటే తొమ్మిదిమందికి చీమ కుట్టినట్టైనా ఉండదు, పదో మనిషికి మాత్రం నలుసంత తగిలినా చాలు. అక్కడ పని చేసేది పదార్థం ఘాటు కాదు, ఆ మనిషి ఒంటికున్న జ్ఞాపకం.

ఆ జ్ఞాపకం ఎక్కడుంటుందన్న కథ 1868లో బెర్లిన్‌లో మొదలైంది. పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి చర్మపు ముక్కకు బంగారపు లవణంతో రంగు పట్టించి సూక్ష్మదర్శినిలో చూశాడు. చర్మం పైపొరలో చేతులు చాచుకున్న కణాలు కనిపించాయి. అవి నాడీకణాలనుకున్నాడు. అవి కాపలాదార్లని తెలియడానికి సుమారు వందేళ్లు పట్టింది. చర్మంలోకి దూరిన కొత్త అణువును ఈ కణాలు పట్టుకుంటాయి. చేతి మీద పట్టుకున్నదాన్ని చంకలోని లింఫు గ్రంథి దాకా మోసుకెళ్లి, అక్కడున్న టీ కణాలకు చూపిస్తాయి. టీ కణాలు దాన్ని శత్రువుగా ఎంచుకుంటే, రెండు వారాల్లోపు ఆ ఒక్క అణువు కోసమే ఒక దండు తయారవుతుంది. ఈ దశలో పైకి ఏమీ కనిపించదు. దండు తయారయ్యాక అదే పదార్థం మళ్లీ తగిలితే ఒక రోజు నుంచి మూడు రోజుల లోపల దురద, ఎరుపు, పొక్కులు.

ఈ ఆలస్యమే అసలు దొంగను తప్పిస్తుంది. ఆదివారం చెల్లి పెళ్లిలో కట్టుకున్న కొత్త గిల్టు వాచీ ఫలితం మంగళవారం ల్యాబ్‌లో బయటపడుతుంది. ఆ క్షణంలో చేతిలో ఉన్నది మౌస్ కనుక నింద దాని మీద పడుతుంది. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు. ఇంకో మెలిక కూడా ఉంది. "ఐదేళ్ల నుంచి ఇదే వాడుతున్నా, ఇప్పుడెందుకు పడదు?" అని చాలామంది వాదిస్తారు. ఐదేళ్లు పడినది ఆరో ఏట పడకపోవచ్చు. చేతి చర్మం పగిలి, పైపొర గోడకు బీటలు వారిన ఏడాది ఆ అణువుకు మొదటిసారి దారి దొరికి ఉండవచ్చు. అంటే కంద తరహా దురదే చాలాసార్లు అలర్జీకి తలుపు తీస్తుంది.

ఆ తలుపులోంచి ఏవి పడితే అవి దూరలేవు. చర్మం పైపొరను దాటాలంటే అణువు చిన్నదై ఉండాలి. సుమారు 500 డాల్టన్ల లోపు బరువున్నవే సులువుగా దూరతాయని 2000లో ఇద్దరు డచ్ పరిశోధకులు ఒక లెక్క చెప్పారు, ఇప్పటికీ అందరూ దాన్నే ఉదహరిస్తారు. మౌస్ గుల్ల, కీబోర్డు మీటలు ఏబీఎస్ లాంటి గట్టి ప్లాస్టిక్. వేల అణువులు గొలుసుగా అల్లుకున్న పదార్థం. అది చర్మంలోకి దూరలేదు. కాబట్టి "ప్లాస్టిక్ పడదు" అన్నమాట చాలావరకు తప్పు. పడనిది ఆ ప్లాస్టిక్‌లో గొలుసుకు చిక్కకుండా మిగిలిపోయిన చిన్న అణువులో, రంగో, రబ్బరు పట్టులో, జిగురో, లోహమో అయ్యుంటుంది.

లోహాల్లో పెద్ద పేరు నికెల్‌ది. మన ఆడవాళ్లకు ఇది కొత్త పరిచయం కాదు, పేరే కొత్త. రోల్డ్ గోల్డ్ దిద్దులు పెట్టుకుంటే చెవి తమ్మెలు చీము పట్టడం, జీన్స్ బొత్తాం తగిలే చోట బొడ్డు కింద నల్లటి మచ్చ, ఇవన్నీ దాని సంతకాలే. చెమటలోని ఉప్పు నికెల్‌ను కొంచెం కొంచెంగా కరిగించి అయాన్లుగా మారుస్తుంది. ఏప్రిల్‌లో మన ఊళ్లలో ఆ పని ఎంత చురుగ్గా సాగుతుందో చెప్పాలా! డెన్మార్క్ 1990లో నికెల్ విడుదలకు చట్టంతో పగ్గం వేసింది. తర్వాత యూరోపియన్ యూనియన్ 1994లో అదే దారి పట్టింది. చర్మానికి ఎక్కువసేపు ఆనే వస్తువు నుంచి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాములకు మించి నికెల్ రాకూడదన్నది అక్కడి హద్దు.

ఎలక్ట్రానిక్ వస్తువుల్లో నికెల్ గుట్టు ఒక్కొక్కటిగా బయటపడింది. 2008లో అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ వైద్యులు 22 సెల్‌ఫోన్లను పరీక్షిస్తే పదింటిలో నికెల్ కనిపించింది, ఎక్కువగా మెరిసే అంచుల్లో, మీటల్లో. 2014లో ఫిట్‌బిట్ ఫోర్స్ అనే చేతిపట్టీని అమెరికాలో మార్కెట్ నుంచి వెనక్కి పిలిచారు. అమ్ముడైనవి సుమారు పది లక్షలు, దద్దుర్ల ఫిర్యాదులు దాదాపు 9,900. అయితే అక్కడ అనుమానం నికెల్‌తోపాటు పట్టీ మీద, జిగురు మీద కూడా పడింది. అదే ఏడాది పీడియాట్రిక్స్ పత్రికలో శాన్‌డియాగో వైద్యులు ఒక పదకొండేళ్ల అబ్బాయి కథ రాశారు. వాడి ఒంటి దద్దుర్లు ఆరు నెలలుగా మందులకు లొంగలేదు. పరీక్షిస్తే నికెల్ అలర్జీ అని తేలింది. ఇల్లంతా వెతికితే వాడు రోజూ ఒళ్లో పెట్టుకునే ఐప్యాడ్ దొరికింది. దానికి పూర్తిగా కప్పే తొడుగు వేశాక దద్దుర్లు తగ్గుముఖం పట్టాయి. చిన్న తొడుగు, అంతే.

నికెల్ గురించి ఒక వింత చెప్పకుండా ముందుకు వెళ్లలేను. ప్రయోగశాల ఎలుకకు ఉత్త నికెల్‌తో అలర్జీ తెప్పించడం చాలా కష్టం. ఎందుకో 2010లో జర్మన్ పరిశోధకులు తేల్చారు. మనిషి కణాల మీద టీఎల్‌ఆర్4 అనే గ్రాహకం ఉంటుంది. దానిలో రెండు హిస్టిడిన్ అమైనో ఆమ్లాలు నికెల్‌ను పట్టుకుని ప్రమాద ఘంట మోగిస్తాయి. ఎలుక టీఎల్‌ఆర్4లో ఆ రెండూ లేవు. అంటే ఎలుకకు నికెల్ పడుతుంది, ఎలుక పేరు పెట్టుకున్న వస్తువును పట్టుకునే మనిషికే పడదు.

రబ్బరు దగ్గరికి వస్తే కథ మన వంటింట్లోకే తిరిగొస్తుంది. మణికట్టు కింద పెట్టుకునే మెత్తలు, కొన్ని మౌస్‌ప్యాడ్లు, ల్యాప్‌టాప్ సంచీలు నియోప్రీన్ అనే స్పాంజి రబ్బరుతో చేస్తారు. ఆ రబ్బరు గట్టిపడటానికి థయోయూరియా జాతి రసాయనాలు కలుపుతారు. వాటిలో కొన్ని చర్మంలోకి వెళ్లాక ఐసోథయోసయనేట్లుగా మారి అప్పుడు అలర్జీ పుట్టిస్తాయి. ఐసోథయోసయనేట్ అంటే ఎవరో పరాయివాడనుకోకండి. ఆవపిండి ఘాటు ఆ కుటుంబానిదే. ఆవకాయ కలిపేటప్పుడు కళ్లలో నీళ్లు తెప్పించేది అల్లైల్ ఐసోథయోసయనేట్, మణికట్టు కింది మెత్తలోంచి పుట్టేది దానికి దూరపు చుట్టం. నల్ల రబ్బరులో వాడే మరో రసాయనం, గ్లవ్స్‌లో వాడే థయురామ్‌లు, కార్బమేట్లు కూడా ఇదే వరసలో ఉన్నాయి. ఇయర్‌ఫోన్ల చివరి మెత్తలు, ఫోన్ కవర్లు, మౌస్ పక్కన వేలు ఆనే మెత్తటి పట్టు చూసేటప్పుడు వీటిని గుర్తుంచుకోవాలి. తోలు ఫోన్ కవరైతే క్రోమియంను అనుమానించాలి. సిమెంటు పని చేసే మేస్త్రీల చేతులను పుండ్లు చేసేదీ అదే లోహం.

జిగుర్లలో అక్రిలేట్లు కొత్త తరం ముద్దాయిలు. నెయిల్ పాలిష్ దుకాణాల నుంచి చేతిపట్టీల దాకా, మధుమేహ రోగులు భుజానికి అతికించుకునే గ్లూకోజ్ సెన్సర్ల దాకా అవే. సెల్‌ఫోన్ రిపేరు షాపులో కూర్చునే కుర్రాళ్ల విషయంలో మరొకటి: సోల్డరింగ్ పేస్టులో ఉండే పైన్ చెట్టు బంక. గాలి తగిలి పాతబడిన కొద్దీ అది మరింత అలర్జీ పుట్టిస్తుంది. ఆ పొగ ఊపిరితిత్తులకూ మంచిది కాదు. ఫ్యాన్ పక్కకు తిప్పుకుని కూర్చోండని వాళ్లకు ఎవరైనా చెప్పాలి.

కంప్యూటర్ తుడిచే తడి వైప్స్ మాట చాలామందికి తట్టదు. వాటిలో పాడవకుండా కలిపే మిథైల్ ఐసోథయజోలినోన్‌ను అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2013కు ఆ ఏటి అలర్జీ పదార్థంగా ప్రకటించింది. శుభ్రం కోసం తుడిచిన కీబోర్డే పొక్కుల పుట్ట కావచ్చు.

కంప్యూటర్ మీద ముఖం ఎర్రబడుతోందన్న నింద పాతది. 1980ల్లో నార్వే, స్వీడన్ దేశాల్లో ఆఫీసు ఉద్యోగులు తెర ముందు కూర్చుంటే బుగ్గలు మండుతున్నాయని వరసగా ఫిర్యాదు చేశారు. వెతికితే ఎక్కువగా దొరికింది హీటర్లతో ఎండిపోయిన గాలి, పని ఒత్తిడి, స్థిర విద్యుత్తు తెచ్చిపెట్టే దుమ్ము. 2000లో మాత్రం స్వీడన్ రసాయన శాస్త్రవేత్తలు ఒక నిజమైన పదార్థాన్ని పట్టుకున్నారు. మంటలంటుకోకుండా మానిటర్ ప్లాస్టిక్‌లో కలిపిన ట్రైఫినైల్ ఫాస్ఫేట్ వేడెక్కి గాలిలోకి వస్తోంది. అది కొందరికి చర్మపు అలర్జీ కలిగించగల రసాయనమే. కొత్త మానిటర్లో ఎక్కువగా వచ్చి, వాడిన కొద్దీ తగ్గిపోతుంది. ఆ లావాటి గాజు మానిటర్లు ఇప్పుడు పాత ఇనుప సామాన్లవాడి బండి మీదే కనిపిస్తాయి.

బొల్లారంలో ముఖం, కనురెప్పలు, మెడ చుట్టూ దద్దురు వస్తే నేను మానిటర్ కంటే ముందు కిటికీలోంచి బయటికి చూస్తాను. ఖాళీ ప్లాట్ల నిండా, ప్రహరీ గోడల పక్కన తెల్లటి పూలతో వయ్యారిభామ. పేరు ఎవరు పెట్టారో గానీ ఎంత వ్యంగ్యం! 1950ల్లో పుణె దగ్గర మొదట కనిపించి, దిగుమతి ధాన్యంతో వచ్చిందని చెప్పుకునే ఈ పిచ్చిమొక్క దేశమంతా పాకింది. దానిలోని పార్థెనిన్ గాలిలో తేలే ఎండు ముక్కలతో వచ్చి మొహం మీద, మెడ మీద, మోచేతి మడతల్లో అలర్జీ తెప్పిస్తుంది. మన దేశంలో గాలి ద్వారా వచ్చే చర్మ అలర్జీకి పెద్ద కారణాల్లో అదొకటి. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డుకూ కంట్రోల్ రూమ్‌లో ఆపరేటర్‌కూ ఒకే రకం దద్దురు వచ్చిందంటే ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నదేమిటో ఆలోచించాలి. గార్డు దగ్గర మానిటర్ లేదు మరి.

ఇక మన ఎనలిస్టు చేతి దగ్గరికి. బొల్లారం ఉన్న పటాన్‌చెరు బెల్టు పేరు ప్రపంచ విజ్ఞాన పత్రికల్లోకి ఎక్కింది మురుగునీటి వల్ల. 2007లో స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని కొలిచింది. సుమారు 90 బల్క్ డ్రగ్ యూనిట్ల వ్యర్థ జలాలు చేరే చోటది. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కంటే అది ఎక్కువ. మందు ఉండాల్సిన చోట కాక మరోచోట ఉండటం ఈ ప్రాంతానికి పాత సమస్యే. నీటికి చెప్పిన మాట కీబోర్డుకూ వర్తిస్తుంది, కొలత చిన్నదైనా.

మందు పొడులు చర్మానికి అలర్జీ కలిగించగలవు. పెన్సిలిన్ జాతి మందులు, రానిటిడిన్, ఒమెప్రజోల్, అజిత్రోమైసిన్, ఇలా ఎన్నో మందుల తయారీలో పనిచేసేవారికి వచ్చిన చర్మ అలర్జీలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. అసలు మందు కంటే దాని తయారీలో మధ్య దశల్లో పుట్టే ఇంటర్మీడియట్లు కొన్నిసార్లు మరింత చురుకైనవి. రసాయన చర్యలో పాల్గొనడానికే పుట్టిన అణువులు కదా, చర్మంలోని ప్రోటీన్ దొరికితే దాంతోనూ ముడిపడతాయి. శాంపిల్ తూచిన గ్లవ్స్‌తోనే మౌస్ పట్టుకున్నాడనుకోండి, పొడి మౌస్ మీదికి చేరుతుంది. గంట తర్వాత గ్లవ్స్ తీసేసి ఒట్టి చేత్తో అదే మౌస్ పట్టుకుంటాడు. తర్వాతి షిఫ్టువాడు అసలు పొడి ముట్టకపోయినా వాడి చేతికీ అంటుతుంది. ఇక్కడ మౌస్ వట్టి కత్తిపీట. కందకు లేని దురద దానికెందుకు?

గ్లవ్స్ కూడా అమాయకం కాదు. లేటెక్స్ పడనివాళ్లకు నైట్రైల్ ఇస్తారు. రెంటిలోనూ రబ్బరు గట్టిపడటానికి కలిపే రసాయనాలు ఉండగలవు. దద్దురు మణికట్టు దగ్గర గీత గీసినట్టు ఆగిపోతే గ్లవ్ మీద అనుమానం. వేళ్ల సందుల్లో ఉంటే సబ్బు మీద. చెమట పట్టిన చేతికి ఎనిమిది గంటలు గ్లవ్ తొడిగితే చర్మం నానబెట్టిన శనగల్లా తయారవుతుంది. అప్పుడు ఏ అణువైనా సులువుగా లోపలికి పోతుంది. శానిటైజర్ గురించి ఒక అపోహ: పగిలిన చేతికి మండుతుంది కాబట్టి అదే శత్రువనుకుంటారు. నిజానికి మెత్తబరచే పదార్థం కలిపిన స్పిరిట్ శానిటైజర్, మాటిమాటికీ సబ్బుతో కడగడం కంటే చర్మానికి నయం. మంట పగుళ్లకు గుర్తు.

ఆ పొక్కులు రాగానే మనం చేసే మొదటి పని మెడికల్ షాపుకు వెళ్లడం. "తామరకు ఏదైనా ట్యూబు ఇవ్వండి." ఇస్తాడు. దానిలో ఘాటైన స్టెరాయిడ్, ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్ మూడూ కలిసి ఉంటాయి. రెండు రోజుల్లో ఎరుపు పోతుంది, మనిషి మురిసిపోతాడు. ఆపిన వారానికి రెట్టింపై వస్తుంది. నిజంగానే తామర అయి ఉంటే స్టెరాయిడ్ కింద దాక్కుని తొడ దాకా పాకుతుంది. ఆ ట్యూబులో నియోమైసిన్ ఉంటే మరో ప్రమాదం: చర్మ అలర్జీల పరీక్షలో ప్రతిచోటా వాడే పదార్థాల్లో నియోమైసిన్ కూడా ఒకటి. దురదకు రాసిన మందే దురద. ఇలాంటి స్టెరాయిడ్ పూతలు చాలావాటిని వైద్యుడి చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లో నిబంధన తెచ్చింది. మందుల ఊళ్లోనే ఆ చీటీ అడిగేవాళ్లు ఎంతమందో మీకు తెలియనిది కాదు. వైద్యుడు చూసి, ఇన్ని రోజులని చెప్పి ఇచ్చే స్టెరాయిడ్ పూత మంచి మందే. పేచీ అంతా మనంతట మనం కొనుక్కునే ట్యూబుతోనే.

మరి దొంగను పట్టేదెలా? మొదటి పనిముట్టు గోడ మీది క్యాలెండర్. సంక్రాంతికి ఊరెళ్లిన వారం రోజుల్లో తగ్గి, డ్యూటీలో చేరిన రెండు మూడు రోజులకు మళ్లీ మొదలైతే కారణం పని చోటే ఉంది. ఊళ్లోనూ తగ్గకపోతే జేబులో ఉన్న ఫోన్‌ను, చేతికున్న వాచీని చూడండి, అవి మీతోపాటే ఊరొచ్చాయి. రెండోది చెయ్యి మార్చడం. పది రోజులు ఎడమ చేత్తో మౌస్ వాడి చూడండి. దద్దురు కూడా ఎడమ చేతికి మారిందా, మౌస్ మీద కేసు బలపడింది. కుడి చేతి మీదే ఉండిపోయిందా, అది నిర్దోషి.

నికెల్‌కు ఇంకా నేరుగా తేల్చే పరీక్ష ఉంది. రష్యన్ రసాయన శాస్త్రవేత్త లెవ్ చుగాయెవ్ 1905లో డైమిథైల్ గ్లయాక్సిమ్ అనే పదార్థం నికెల్‌తో కలిస్తే గులాబీ ఎరుపు రంగు వస్తుందని కనిపెట్టాడు. అమోనియా కలిపిన ఆ ద్రావణంలో ముంచిన ఇయర్‌బడ్‌తో లోహపు భాగాన్ని అర నిమిషం రుద్దితే చాలు. దూది గులాబీ రంగుకు తిరిగితే అక్కడి నుంచి నికెల్ వస్తున్నట్టే. బయట దీన్ని కొనుక్కోవాలి. బొల్లారంవాళ్ల అదృష్టం, ఆ సీసా క్యూసీ ల్యాబ్ బీరువాలోనే ఉండవచ్చు. మీ పై అధికారిని అడిగి, ఫ్యూమ్ హుడ్ కింద చేయండి.

మనిషిని పరీక్షించే పద్ధతి ప్యాచ్ టెస్ట్. 1895లో యోసెఫ్ యాడసోన్ అనే జర్మన్ చర్మవైద్యుడు ప్రవేశపెట్టాడు. నూట ముప్పై ఏళ్లయినా మూల సూత్రం మారలేదు. మన దేశంలో దాన్ని వ్యాప్తిలోకి తెచ్చినవారిలో ఎయిమ్స్ చర్మవైద్యుడు డాక్టర్ జె.ఎస్. పస్రీచా ముందువరసలో ఉంటారు. నికెల్, క్రోమియం, రబ్బరు రసాయనాలు, ఎపాక్సీ, పైన్ బంక, వయ్యారిభామ (పార్థీనియం) లాంటివి తలా కొంచెం చిన్న గిన్నెల్లో పెట్టి వీపుకు అతికిస్తారు. రెండు రోజులు అలాగే ఉంచాలి. వీపు మీద నీళ్లు పోసుకోకూడదు, చెమట పట్టే పని చేయకూడదు. అందుకే మే నెలలో వద్దు, కార్తీకంలో వెళ్లండి. రెండో రోజు తీసి చూస్తారు, నాలుగో రోజు మళ్లీ చూస్తారు. ఆ రెండోసారి వెళ్లడం చాలామంది ఎగ్గొడతారు. ఆలస్యంగా మేలుకునే అలర్జీ అప్పుడే కనిపిస్తుంది, కాబట్టి సగం పరీక్ష చేయించుకున్నట్టే. రక్త పరీక్షతో "రెండు వందల అలర్జీలు తేలుస్తాం" అనే ప్యాకేజీలు ఈ రకం అలర్జీని పట్టలేవు. అవి వెతికేది వేరే యంత్రాంగాన్ని. ఇంకొక్క హెచ్చరిక: ప్లాంటులోని పొడిని కాగితంలో చుట్టుకొచ్చి సొంతంగా చేతికి అతికించుకునే ప్రయోగం చేయకండి. అంతకుముందు లేని అలర్జీ అలాగే పుట్టగలదు.

దొంగ దొరికాక చేయాల్సిన పని పెద్దదేం కాదు. నికెల్ అయితే ల్యాప్‌టాప్ మీద మణికట్టు ఆనే చోట గుడ్డ, ఫోన్‌కు పూర్తి తొడుగు, బయటి మౌస్. నియోప్రీన్ అయితే ఆ మెత్త తీసేసి మడిచిన నూలు తువ్వాలు. రబ్బరు పట్టు అయితే ఒట్టి గట్టి ప్లాస్టిక్ మౌస్, చవకదే మేలు. మందు పొడి అయితే బాధ్యత ఒక్క మనిషిది కాదు. కంప్యూటర్ ముట్టే ముందు గ్లవ్స్ తీసే చోటు ఒకటి ఉండాలి, షిఫ్టు మారేటప్పుడు కీబోర్డు తుడవాలి, వాసన లేని మాయిశ్చరైజర్ వాష్‌బేసిన్ పక్కనే ఉండాలి. పచ్చి వేపాకు ముద్ద పగిలిన చర్మం మీద పెట్టకండి. కొబ్బరినూనె సరేనంటాను. వీటన్నిటి తర్వాత కూడా ఆరు వారాలు ఓపిక పట్టాలి. చర్మపు గోడ మళ్లీ లేవడానికి అంత సమయం పడుతుంది.

ఉద్యోగం పోతుందనే భయంతో చెయ్యి జేబులో దాచుకునే కాంట్రాక్టు కుర్రాళ్లు ఈ బెల్టులో తక్కువేం లేరు. వాళ్లకు తెలియాల్సింది ఒకటుంది. రసాయనాలు తగిలి వచ్చే కాంటాక్ట్ డెర్మటైటిస్‌ను చట్టం, అధికారులకు తప్పక తెలపాల్సిన వృత్తి వ్యాధుల జాబితాలో చేర్చింది. ఈఎస్‌ఐ కార్డు పట్టుకుని వెళ్లినప్పుడు "చేతికి దురద సార్" అని ఊరుకుంటే చీటీ మీద ఒక ట్యూబు పేరు వస్తుంది. ఏ బ్లాకులో, ఏ పొడి దగ్గర, ఏ గ్లవ్స్‌తో పని చేస్తున్నారో చెప్పండి. గ్లవ్స్ పెట్టె మీద ఉన్న వివరాలకు, వైప్స్ ప్యాకెట్ వెనక వైపుకు, మౌస్‌కు, మౌస్‌ప్యాడ్‌కు ఫోన్‌లో ఫొటోలు తీసుకెళ్లండి. మీ బ్లాకులో గోడకు తగిలించిన ఎంఎస్‌డీఎస్ కాగితాల్లో, అంటే రసాయనాల భద్రతా వివరాల్లో, హెచ్‌317 అనే గుర్తు కోసం వెతకండి. చర్మానికి అలర్జీ కలిగించవచ్చని దాని అర్థం. అది ఉన్న పేజీ ఫొటో అన్నిటికంటే ముందు డాక్టర్‌కు చూపించండి.